మాగని ఆకులు

మా పట్టణానికి ఉత్తరాన ఒక గుట్ట ఉంది. తునికి, మోదుగ, రేల, బిల్లుడు, నల్లమద్ది దాని మీది ముఖ్యవృక్షాలు. ఒకప్పుడది వెనుకనున్న పెద్ద అడవికి కొసభాగం. కొన్నేళ్ళ క్రిందట నాలుగు వరుసల రహదారి వచ్చి ఆ కొసను తెగగోసింది. అట్లా ఒంటరిగా మిగిలిన ముక్కను ఇప్పుడు ఉద్యానవనంగా తీర్చిదిద్దే ప్రతిపాదన వచ్చింది. పురజనుల అభిప్రాయాలు వింటామని కబురు చేస్తే నేనూ వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాను.

నడకదారులు, బల్లలు, పచ్చికమళ్ళు, పిల్లలకు ఊయెలలు, అన్నీ పటంలో చూపించిన తరువాత ఆ అధికారి, "ముందుగా లోపలి చెత్తంతా ఎత్తించి శుభ్రం చేయిస్తాం" అన్నారు. ఏ చెత్త అని అడిగాను. "ఎండుటాకులేనండి మాస్టారూ! ఏళ్ళ తరబడి పేరుకుపోయి ఉన్నాయి" అని ఎంతో మర్యాదగానే బదులిచ్చారు. సభ అంతా తల ఊపింది. ఆ యువకుని తప్పు పట్టను. ఆయన నోట వచ్చినది మనందరి మాటే. కాని ఆ ఒక్క మాట మీద నాకున్న అభ్యంతరం రెండు నిమిషాలలో తెమిలేది కాదు. అందుచేత ఇంటికి వచ్చి విస్తరించి వ్రాస్తున్నాను.

మాట పట్టుకొని వ్రేలాడడం తెలుగు పంతులుకు వృత్తిదోషం. చదువరులు మన్నించాలి.

"కుళ్ళు" అన్న మాటను మనం ఎంత హీనంగా వాడుకొన్నామో చూడండి. అసూయ కుళ్ళు. అసూయపడేవాడు కుళ్ళుబోతు. హాస్యం వికటిస్తే కుళ్ళుజోకు. సేద్యం చేసేవాడి నోట మాత్రం వేరొక మాట వినబడుతుంది. పెంటకుప్పలోని ఎరువు బాగా "మాగింది" అంటాడతడు. వరిగడ్డిలో పెట్టిన మామిడికాయ కూడా "మాగింది" అంటాడు. కాయ పండు కావడానికీ, ఆకు మన్ను కావడానికీ ఒకే క్రియ! ఈ రెంటిలోనూ జరుగుతున్నది చావు కాదు, పక్వత అని గ్రహించిన జాతి మనది. ఆ గ్రహింపు పొలం గట్టు దాటి పట్టణంలోకి రాలేదు.

నేనూ ఈ దోషానికి అతీతుణ్ణి కాను. మా బడి ఆవరణలో పెద్ద రావిచెట్టు, దాని ప్రక్కన నాలుగు కానుగలు ఉండేవి. రాలిన ఆకులను రోజుకొక తరగతి పిల్లలచేత ఊడ్పించి, ప్రహరీగోడ మూలన కుప్ప పోయించి, నిప్పు పెట్టించిన ఉపాధ్యాయులలో నేనే అగ్రగణ్యుణ్ణి. క్రమశిక్షణ అనుకొన్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చెట్ల క్రింది నేల సిమెంటులాగా గట్టిపడి, వేళ్ళు పైకి తేలి, వాన పడితే నీరు ఇంకకుండా జారిపోవడం చూశాను. చూశానే గాని కారణం ఆలోచించలేదు. పాఠంలో అపర్ణ శబ్దానికి వ్యుత్పత్తి చెప్పేటప్పుడు, రాలిన ఆకులను సైతం తినడం మానివేసింది గనుక పార్వతికి ఆ పేరు వచ్చిందని కాళిదాసు కుమారసంభవంలో చెప్పిన సంగతి వివరించేవాణ్ణి. తపస్సుకు కూర్చున్నవారికి రాలిన ఆకు ఆహారమైతే, కూర్చోకుండా పనిచేస్తున్న కోటానుకోట్ల ప్రాణులకు అది ఆహారమన్న ఊహ మాత్రం రాలేదు.

చెట్టు ఆకును ఊరక పారవేయదు. రాల్చడానికి ముందు ఆకులోని నత్రజని, భాస్వరాలలో చెప్పుకోదగిన భాగాన్ని కొమ్మలోకి వెనుకకు తీసుకొంటుంది. ఇల్లు ఖాళీ చేసే గృహస్థు విలువైన సామాను ముందుగా తరలించినట్లు. మిగిలినదానితో ఆకు నేలకు దిగుతుంది. తొలివానలకు అందులో నీట కరిగే పదార్థాలు, చక్కెరల వంటివి, కషాయం దిగినట్లు దిగిపోతాయి. తరువాత బూజుల వంతు, సూక్ష్మజీవుల వంతు. సెల్యులోజును ఇవి చాలావరకు జయిస్తాయి. ఆకుకు బిగువునిచ్చే లిగ్నిన్ అనే పదార్థం మొండిది. దానిని పూర్తిగా విడగొట్టగలిగిన వారు ప్రధానంగా కొన్ని శిలీంధ్రాలు మాత్రమే. ఈ లోగా రోకలిబండలు, చెదలు, వానపాములు, కంటికి ఆనని పురుగులు ఆకును కొరికి తునకలు చేస్తుంటే, ఆ తునకల మీద బూజు మరింత సులువుగా ఎక్కుతుంది. ఒకరు నమలనిదే మరొకరు జీర్ణించుకోలేని వింత పంక్తిభోజనమిది.

చెదల గురించి ఒక మాట. పుస్తకాలు ఉన్న ప్రతి ఇంటికీ చెద శత్రువే. తాళపత్రాలు మొదలుకొని నా పాత సంచికల కట్టలవరకు అది మిగిల్చినది తక్కువ. తాళపత్రం కూడా ఆకే కదా, తన పని అది చేసింది అని ఇప్పుడు సరిపెట్టుకొంటున్నాను. బోర్నియో ద్వీపంలోని మలేసియా అడవులలో శాస్త్రజ్ఞులు కొన్ని మడులలో చెదలను అణచివేసి, 2015-16లో వచ్చిన తీవ్రమైన కరువుకాలంలో ఏమి జరిగిందో గమనించారు. చెదలు ఉన్నచోట ఆకులు ఎక్కువగా మాగాయి, నేలలో తేమ ఎక్కువ నిలిచింది, మొలకలు ఎక్కువ బ్రతికాయి. ఫలితాలు 2019లో ప్రకటించారు. ఆదికవికి పుట్ట పేరు పెట్టుకొన్న జాతికి ఇది విని ఆశ్చర్యం కలుగకూడదు. నాకు మాత్రం కలిగింది.

మన వైపు అడవులు ఆకురాల్చు అడవులు. శిశిరంలో రాలిన ఆకులో చాలా భాగం రోహిణి ఎండలన్నీ భరించి మృగశిర చినుకులకోసం కాచుకొని ఉంటుంది. వాన పడిన తరువాత నాలుగు మాసాలలోనే ముఖ్యమైన పని జరిగిపోవాలి. ఏడాది పొడుగునా తడిసే అడవికి ఉన్న తీరిక దీనికి లేదు. కాబట్టి ఆ నాలుగు మాసాలలో నేల తడి నిలుపుకొంటున్నదా, పనివారు అక్కడ ఉన్నారా అన్నదే ప్రశ్న. పెద్ద అడవిని ముక్కలు చేసినప్పుడు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ఈ ముక్కల సంగతిని శ్రద్ధగా పరిశీలించినది బ్రెజిల్ దేశంలో. అమెజాన్ అడవి నడుమ మనౌస్ అనే నగరానికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో 1979లో ఆ పరిశోధన మొదలైంది. అక్కడ పశువుల మేతబీళ్ళకోసం అడవిని నరుకుతున్న రోజులవి. భూమిలో సగభాగం అడవిగానే వదలాలని అప్పటి చట్టం. థామస్ లవ్‌జాయ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఎట్లాగూ వదలవలసినదానిని మేము చెప్పిన కొలతలలో వదలండి అని భూస్వాములను ఒప్పించాడు. ఒక హెక్టారువి ఐదు, పది హెక్టార్లవి నాలుగు, నూరు హెక్టార్లవి రెండు, వెరసి పదకొండు ముక్కలు మేతబీళ్ళ నడుమ ద్వీపాలై నిలిచాయి. నరకక ముందే లోపలి చెట్లకూ పక్షులకూ లెక్క తీసి ఉంచుకొన్నారు గనుక, తరువాత ఏమి పోయిందో కచ్చితంగా చెప్పగలిగారు. లవ్‌జాయ్ 2021లో మరణించాడు. ఆయన మొదలుపెట్టిన పరిశీలన నాలుగు దశాబ్దాలు దాటి సాగింది.

వారు చూచినది క్లుప్తంగా చెబుతాను. అడవికి కొత్తగా అంచు ఏర్పడగానే వేడిగాలి, ఎండ ప్రక్కనుంచి లోపలికి దూరుతాయి. అంతవరకు గుంపులో నిలిచిన మహావృక్షాలు గాలికి కూలుతాయి, లేదా నిలువునా ఎండుతాయి. చాలా మార్పులు అంచునుంచి సుమారు 100 మీటర్లవరకు కనబడ్డాయి. గాలి చేసే నష్టం కొన్ని చోట్ల 300, 400 మీటర్ల లోపలికి కూడా పోయింది. అంచున రాలే ఆకు ఎక్కువైంది. దానిని మాగబెట్టేవారి సంగతి వేరు. 1989లో బెర్ట్ క్లైన్ అనే పరిశోధకుడు పేడపురుగుల మీద వెలువరించిన ఫలితాల ప్రకారం, ముక్కలలో ఆ పురుగుల జాతులూ తగ్గాయి, సంఖ్యా తగ్గింది, ఉన్నవి ఆకారంలో చిన్నవి. పేడ మన్నులో కలవడం కూడా మందగించింది. నరికిన స్థలం దాటి పెద్ద అడవికి పోవడానికి అక్కడ దూరం కొన్ని వందల మీటర్లే. ఆ కొన్ని వందల మీటర్లే వాటికి సముద్రమైంది.

ఇక ఆకుల మాట. ముక్కలైన అడవిలో ఆకు మాగకుండా పడి ఉంటుందని ఒక్క వాక్యంలో తేల్చివేద్దామని నేను మొదట ఉబలాటపడ్డాను. సత్యం అంత సుకరంగా లేదు. 1998లో రాఫెల్ డిడమ్ అనే శాస్త్రవేత్త ప్రకటించిన ఫలితాలలో, నూరు హెక్టార్ల ముక్కల అంచుకు చేరువైనకొద్దీ ఆకులు మాగే వేగం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆ ప్రాంతంలోనే తరువాత కొలిచినవారికి అంచు ప్రభావం అంత స్పష్టంగా కనబడలేదు. వేరే దేశాలలో, వేరే అడవులలో అంచున మందగించిన దాఖలాలూ ఉన్నాయి. తడి తగ్గితే పని మందగిస్తుంది. అంచున పెరిగే చెట్ల ఆకు మెత్తనిదైతే వేగం పుంజుకొంటుంది, దళసరిదైతే పడిపోతుంది. కొన్ని కీటకాలు అంచున విపరీతంగా పెరుగుతాయి, కొన్ని పూర్తిగా మాయమవుతాయి. ఇవన్నీ ఒకదాన్నొకటి లాగుతూ ఉంటే, ఒక ముక్కలో కనబడినది మరొక ముక్కలో కనబడదు.

వేగం పెరిగితే మంచిదే కదా అని ఎవరైనా అడగవచ్చు. అమెజాన్ నేలలలో చాలా భాగం నిస్సారమైనవి. అక్కడి అడవి తన ఆకులనుంచి తానే తిరిగి తీసుకొనే భాస్వరం మీద బ్రతుకుతుంది. వేళ్ళు రాలిన ఆకుల పొరలోకే పైకి ప్రాకి వచ్చి, శిలీంధ్రాల సాయంతో అక్కడికక్కడే అందుకొంటాయి. ఇంట్లో వచ్చే జీతానికీ ఖర్చుకూ లంకె కుదిరి ఉన్నంతకాలం సంసారం నడుస్తుంది. జీతం ఒక మాసం మూడింతలు వచ్చి రెండు మాసాలు రాకపోతే, ఏడాది మొత్తం కూడితే సరిపోయినా ఆ ఇల్లు నడవదు. ఆకు మాగే లయకూ వేరు అందుకొనే లయకూ ఉన్న పొత్తు చెడడమే ముక్కలైన అడవికి వచ్చిన అసలు జబ్బు అని నా అభిప్రాయం. ఇది శాస్త్రజ్ఞుల తీర్పు కాదు, వారి ఫలితాలు చదివిన ఒక భాషోపాధ్యాయుని ఊహ.

ఇప్పుడు లెక్కల సంగతికి వస్తాను. మన దేశంలో అడవుల లెక్క తీసే అధికారసంస్థ నిర్వచనం ప్రకారం, ఒక హెక్టారుకు తక్కువ కాని విస్తీర్ణంలో చెట్ల నీడ పదిశాతం ఉంటే అది అటవీ ఆచ్ఛాదనమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. నీడ దట్టమెంత అని మళ్ళీ తరగతులుగా విభజిస్తారు, కాదనను. కాని తుది మొత్తంలో నూరు హెక్టార్ల అడవి ఒక్కటీ, ఒక్కొక్క హెక్టారు ముక్కలు నూరూ సమానమే. ఇది ఎంత పెద్ద పొరపాటో చూడడానికి ఎనిమిదో తరగతి క్షేత్రగణితం చాలు. నూరు హెక్టార్ల చదరం ఒక్కొక్క వైపు ఒక కిలోమీటరు. చుట్టుకొలత 4 కిలోమీటర్లు. అంచు ప్రభావం 100 మీటర్లని అనుకొంటే, నడుమ 64 హెక్టార్ల క్షేమమైన అడవి మిగులుతుంది. అదే విస్తీర్ణాన్ని హెక్టారు చొప్పున నూరు చదరాలు చేయండి. అంచుల మొత్తం 40 కిలోమీటర్లు. లోపల మిగిలేది సున్న. ఒక్క సెంటు భూమి పోలేదు, అడవి మొత్తం పోయింది! పది హెక్టార్ల చదరానికైనా లోపల మిగిలేది ఒకటిన్నర హెక్టారుకన్న తక్కువే. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది గనుక దానికి నీడ కనబడుతుంది. నీడ క్రింద ఏమున్నదో రోకలిబండకు తెలియాలి.

రహదారికోసం పోయిన చెట్లకు బదులు వేరొక చోట మొక్కలు నాటించామని మా ఊళ్ళో చెబుతూ వచ్చారు. నాటి ఉంటారు. పరిహారంగా అడవి పెంచడానికి 2016లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. అయితే వరుసలుగా నాటిన నీలగిరి క్రింద రాలిన ఆకును ఎప్పుడైనా చేత పట్టి చూశారా? తోలు ముక్కలా ఉండి, మందుల వాసన వేస్తూ, మన నేల పురుగులలో అనేకానికి రుచించక పడి ఉంటుంది. చెట్టును బదులు ఇవ్వవచ్చును. చెట్టు క్రింద తరాల తరబడి ఏర్పడిన కాపురాన్ని బండిలో ఎక్కించి తీసుకుపోలేము.

పోయిన ఏడాది మేము ఒక చిన్న పని చేశాము. నా పూర్వవిద్యార్థి ఒకడు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాడు. వలసంచులలో ఎండుటాకులను తూచి పెట్టి, నేలమీద వదలి, కొన్ని మాసాల తరువాత మళ్ళీ తూచి చూడడం శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా అనుసరిస్తున్న పద్ధతి అని అతడే చెప్పాడు. మా ఆవిడ పాత దోమతెరను త్యాగం చేసింది. త్రాసు మాకు తెలిసిన కంసాలి ఇచ్చాడు. జ్యేష్ఠమాసంలో, వానలకు ముందు, కొన్ని సంచులు గుట్ట నడిమి పల్లంలోనూ, కొన్ని రహదారి వైపు అంచునా పెట్టి, కార్తికం వెళ్ళిన తరువాత తీశాము. రెండు సంచులను మేకలు చింపివేశాయి. ఒకదానిని ఎవరో ఎత్తుకుపోయారు, అందులో ఏమున్నదనుకొన్నారో! మిగిలినవాటిలో, నడిమి పల్లంలోని ఆకు చాలావరకు నల్లని పొడి అయి, ఈనెలు, తొడిమలు మిగిలాయి. అంచున పెట్టిన మోదుగాకు ఇంకా మోదుగాకుగానే ఉంది. దులిపితే విస్తరి కుట్టవచ్చునేమో అనిపించింది. ఒక్క ఏడాది, ఒక్క గుట్ట, గుప్పెడు సంచులు. దోమతెర కన్నాలలోంచి పెద్ద పురుగులు దూరలేవు గనుక మేము చూచినది సగం కథే అని శిష్యుడు ముందే హెచ్చరించాడు. దీనిని శాస్త్రమని చెప్పే సాహసం చేయను. కాని ఆ గుట్టకు ఇంకా నడుమ అనేది ఉన్నదని ఆ సంచులు నాకు చెప్పాయి. ఉద్యానవనం పటంలో పచ్చికమడి వేసినది సరిగ్గా ఆ పల్లంలోనే.

ఆక్షేపణలు లేకపోలేదు. ఎండుటాకులుంటే నిప్పు అంటుకొంటుందన్నారు. ఇది నిజమైన భయమే, త్రోసిపుచ్చను. తూర్పు అమెజాన్‌లో మేతబీళ్ళలో పెట్టిన నిప్పు అడవి ముక్కలలోకి కిలోమీటర్ల దూరం చొచ్చుకుపోయిన సంగతి పరిశోధకులు వ్రాశారు. మన వైపునా తునికాకు చిగురుకోసం, ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా ఉండాలని నేలకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. రహదారిమీద పోయేవాడు విసరిన చుట్టపీక చాలు. కాని అందుకు మందు గుట్టంతా ఊడ్వడం కాదు. రహదారి వెంబడి కొన్ని గజాల వెడల్పున నిప్పుగీత గీసి, వేసవిలో ఆ ఒక్క పట్టీని శుభ్రంగా ఉంచితే చాలును. అడవిశాఖవారికి ఇది కొత్త విద్య కాదు. పాములుంటాయన్నారు. ఉంటాయి, గుట్ట వాటిది. నా ఈడువారు నడవడానికి చదునైన దారి కావాలన్నారు. నాకూ కావాలి, మోకాళ్ళు నావీ బాగాలేవు. ఆ దారి పాదం చుట్టూ వేయండి. పల్లం మధ్యగా వేస్తే దానికి అటూ ఇటూ మరి రెండు అంచులు పుడతాయి.

చెడిన ముక్కను బాగుచేయవచ్చునా అంటే, ప్రయత్నాలు ఉన్నాయి. తమిళనాడులో ఆనైమలై కొండలలోని వాల్పరై పీఠభూమిమీద తేయాకు, కాఫీ తోటల నడుమ మిగిలిన వర్షారణ్యపు తునకలలో, తోటల యజమానులతో ఒప్పందం చేసుకొని, ఆ అడవి జాతుల మొక్కలనే పెంచి నాటుతూ రెండు దశాబ్దాలుగా కొందరు కృషి చేస్తున్నారు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. మా గుట్టకు అంత శ్రమ అక్కరలేదు. రహదారివైపు అంచున మన మోదుగలూ కానుగలూ దట్టంగా పెంచి గాలిని ఆపి, మిగిలినదానిని దాని మానాన వదలడం చాలు. ఖర్చు తక్కువ. బహుశా అదే దీనిలోని లోపమేమో.

ఈ మాటలన్నీ రెండు పుటలకు కుదించి, నలుగురిచేత సంతకాలు చేయించి, మొన్న సోమవారం అర్జీ ఇచ్చి వచ్చాను. అందులో "చెత్త" అనే మాట ఒక్కచోట కూడా రాకుండా జాగ్రత్తపడ్డాను. ఆకుపరుపు అని వ్రాశాను. గుమాస్తా పై పుట ఒకసారి చూచి, ముద్ర వేసి, రసీదు చేతికిచ్చాడు. గుమ్మం దాటిన తరువాత కళ్ళజోడు పెట్టుకొని చదివాను. విషయం అన్నచోట "గుట్ట మీది చెత్త గురించి" అని ఉంది.